వినడం నేర్పాలంటే ముందు జవాబు చెప్పడం నేర్పండి

మీరు అడిగింది ఇదీ: విపత్తు సహాయక బృందానికి రెండు రోజుల శిక్షణ ఇచ్చే బాధ్యత మీ మీద పడింది, సిబ్బంది మంచివాళ్లే, రాత్రింబవళ్లు కష్టపడతారు, కానీ శిబిరాల్లో జనం చెప్పేది ఎవరూ చెవిన వేసుకోవడం లేదని పైనుంచి మాట వచ్చింది, మరి వాళ్లకు వినడం ఎలా నేర్పాలి అని. నేను చాలా ఏళ్లుగా ఈ శిక్షణలే ఇస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా ఒక మాట. ఈ శిక్షణల్లో సగం పూట ఎలా గడుస్తుందో మీరూ చూసే ఉంటారు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి, తల ఊపండి, మధ్యలో అడ్డు తగలకండి, వాళ్లు చెప్పింది తిరిగి చెప్పండి అంటూ స్లైడ్లు నడుస్తాయి. ఇవి తప్పని అనను, కానీ సమస్య అక్కడ లేదు. మీ సిబ్బందికి వినడం వచ్చు, ఇంట్లో పిల్లలు చెప్పేది వింటారు, స్నేహితుల కష్టాలు గంటల తరబడి వింటారు. శిబిరంలో మాత్రం వినరు. ఎందుకంటే అక్కడ విన్నదాన్ని ఏం చేయాలో వాళ్లకు తెలియదు. ఎదురుగా రెండు వందల మంది క్యూలో ఉన్నారు, జాబితా మార్చే అధికారం తనకు లేదు, ఎవరికి చెప్పాలో తెలియదు, చెప్పినా తిరిగి జవాబు వస్తుందన్న నమ్మకం లేదు, అలాంటప్పుడు ఒక్కో ఫిర్యాదు వినడమంటే తీర్చలేని అప్పు ఒకటి నెత్తిన వేసుకోవడమే. మనిషన్నవాడు తప్పించుకుంటాడు. ఫోన్ చూసుకుంటాడు, 'ఆ పక్క కౌంటర్లో అడగండి' అంటాడు, లేదంటే విసుక్కుంటాడు. చాలామంది దీన్ని గుణదోషం అనుకుంటారు, నేను అనుకోను. విన్న మాట వెళ్లడానికి దారి, తిరిగి జవాబు రావడానికి ఇంకో దారి ఉంటే అదే మనిషి చక్కగా వింటాడు, ఎన్నోసార్లు చూశాను.

అందుకే శిక్షణను చివరి నుంచి మొదలుపెట్టమంటాను, అంటే జవాబు దగ్గర నుంచి.

వాలంటీర్లతో కూర్చునే ముందు వాళ్ల పైవాళ్లతో ఒక పూట కూర్చోండి. శిబిరం ఇన్‌ఛార్జి, సరుకుల పంపిణీ చూసేవాళ్లు, ఆరోగ్య బృందం, అకౌంట్స్ వాళ్లు కూడా ఉండాలి. అక్కడ తేల్చాల్సినవి మూడే. జనం చెప్పింది రాసే రిజిస్టర్‌ని రోజూ తెరిచి చదివేది ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబు వెళ్లాలి, క్షేత్రంలో ఉన్న మనిషి పైకి అడగకుండా తనంతట తాను చక్కదిద్దగల విషయాలు ఏవి. ఈ మూడోదాని మీద పట్టుబట్టండి. ఒక వృద్ధుణ్ని క్యూలో ముందుకు తీసుకురావడానికి, చిరిగిన దుప్పటి మార్చి ఇవ్వడానికి, పంపిణీ వేళ ఒక గంట జరపడానికి కూడా పైనుంచి అనుమతి కావాల్సి వస్తే మీ వాలంటీర్ ఎవరి మాటా వినడు, వినాల్సిన అవసరం కూడా అతనికి కనబడదు. పైవాళ్లు వీటికి ఒప్పుకోకపోతే శిక్షణ వాయిదా వేయండి. కఠినంగా అనిపిస్తుందేమో గానీ, జవాబు చెప్పే ఏర్పాటు లేకుండా 'మీ అభిప్రాయం చెప్పండి' అని జనాన్ని అడగడం, అడగకుండా ఉండటం కంటే ఎక్కువ చెడు చేస్తుంది. ఒకసారి నోరు తెరిచి చెప్పుకుని నిరాశపడ్డవాళ్లు రెండోసారి చెప్పరు, పక్కవాళ్లనూ చెప్పనివ్వరు.

పైవాళ్లను ఒప్పించడానికి మీకు కాగితాల బలం కూడా ఉంది. 1994లో రెడ్‌క్రాస్, ఇతర సహాయ సంస్థలు కలిసి రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పది సూత్రాలుంటే, ఏడోది సాయం అందుకునేవాళ్లను దాని నిర్వహణలో భాగం చేయాలంటుంది, తొమ్మిదోది నిధులిచ్చే దాతలకూ సాయం అందుకునేవాళ్లకూ ఇద్దరికీ మనం జవాబుదారులమని చెబుతుంది. 2014లో వచ్చి 2024లో సవరించిన కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్ (సహాయ సంస్థలు పాటించాల్సిన ప్రమాణాల పత్రం) లోని తొమ్మిది హామీల్లో ఐదోది పూర్తిగా ఫిర్యాదుల గురించే: జనం భయం లేకుండా చెప్పుకోగలగాలి, చెప్పుకున్నది పరిష్కారం కావాలి. దాతలకు లెక్కలు ఎంత శ్రద్ధగా పంపుతున్నారో చూపించి, అందులో పావు వంతు శ్రద్ధ ఈ వైపు పెట్టమని అడగండి.

ఇక వాలంటీర్ల దగ్గరికి వద్దాం. మొదటి అభ్యాసంగా 'లేదు' అని చెప్పించండి, అవును, కావాలనే. ఒకరు అడుగుతారు, ఇంకొకరు సాధ్యం కాదని చెప్పాలి, కారణంతో సహా, గౌరవంగా, కళ్లు తప్పించకుండా. 'ఈ విడతలో గర్భిణులకు, చంటిపిల్లలున్న ఇళ్లకు మాత్రమే ఇస్తున్నాం, సరుకు అంతే వచ్చింది, రెండో విడత వస్తే ఏ రోజు అన్నది ఈ బోర్డు మీద రాస్తాం.' వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ చెప్పేటప్పుడు చాలామందికి నోరు పెగలదు. మొహమాటం అడ్డొస్తుంది, లేకపోతే ఎదుటివాళ్లను ఆ క్షణానికి శాంతింపజేయాలన్న ఆత్రంలో లేనిపోని హామీ ఇచ్చేస్తారు. తర్వాత 'నాకు తెలియదు, కనుక్కుని గురువారం సాయంత్రం ఇక్కడికే వచ్చి చెప్తాను' అని చెప్పించండి. రోజు, వేళ, చోటు మూడూ ఉండాలి. గురువారానికి సమాచారం రాకపోయినా వెళ్లాల్సిందే, వెళ్లి ఇంకా రాలేదని చెప్పాల్సిందే. 'చూస్తాంలెండి' అన్న జవాబు ఆ రెండు రోజులూ ఎవరి నోటా రానివ్వకండి. కారణం చెప్పి కాదంటే జనం ఒప్పుకుంటారు, కోపగించుకున్నా ఒప్పుకుంటారు. మౌనాన్ని మాత్రం క్షమించరు.

ఈ రెండు జవాబులూ చేతికి వచ్చాక మనుషుల్లో ఒక మార్పు కనిపిస్తుంది, ప్రశ్నలు ఎదుర్కోవడానికి భయం తగ్గుతుంది, అప్పుడు వినడం గురించి మాట్లాడితే ఫలితం ఉంటుంది.

వినడానికి పెట్టే రోల్ ప్లే ఇలా చేయించండి. టార్పాలిన్ల పంపిణీ జరుగుతోంది. ఒకరు పెద్దావిడ పాత్ర, ఒకరు వాలంటీర్, మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. పెద్దావిడ వచ్చి అంటుంది: 'బాబూ, నా పేరు లేదంటున్నారు. నిన్న వచ్చినవాళ్లకు ఇచ్చారు, నేను మొదటి రోజు నుంచి ఇక్కడే ఉన్నా. ఆ చివర గుడారంలో ఒక్కదాన్నే ఉంటున్నా.' వాలంటీర్ పాత్రలో ఉన్నవాళ్ల మొదటి మాట దాదాపు ప్రతిసారీ ఒకటే: 'జాబితా మేము చేయలేదమ్మా.' అక్కడ ఆపేయండి. చుట్టూ ఉన్నవాళ్లను అడగండి, ఆవిడ ఎన్ని విషయాలు చెప్పింది? పేరు లేదన్నది అందరూ పట్టుకుంటారు. నిన్న వచ్చినవాళ్లకు ఇచ్చారన్నది, అంటే పంపిణీ నియమం జనానికి అర్థం కాలేదన్నది, కొందరు పట్టుకుంటారు. ఒంటరి వృద్ధురాలు శిబిరం చివర గుడారంలో ఉంటోందన్నది మాత్రం చాలాసార్లు ఎవరికీ వినిపించదు. నిజానికి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సింది ఆ గుడారాన్నే. తర్వాత పాత్రలు మార్చండి, వాలంటీర్‌గా ఉన్నవాళ్లను పెద్దావిడగా నిలబెట్టి, ఊరికే కాదు, పది నిమిషాలు క్యూలో నిలబెట్టి ఆ తర్వాత 'జాబితా మేము చేయలేదు' అనిపించండి. ఆ ఒక్క అనుభవం గంట ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుంది.

సమర్థించుకోవడం అనే జబ్బుకి ఇదే మందు. కష్టపడి పనిచేసేవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే ఫిర్యాదు తమ కష్టాన్ని కించపరిచినట్టు అనిపిస్తుంది. నిద్ర లేకుండా సరుకులు దించిన మనిషికి ఎవరో వచ్చి 'మీరు సరిగ్గా ఇవ్వలేదు' అంటే మనసు చివుక్కుమనడం సహజం. ఆ బాధను కొట్టిపారేయకండి, ఉందని ఒప్పుకోండి, కానీ దాన్ని బాధితుల ముందు కాకుండా సాయంత్రం బృందం దగ్గర చెప్పుకోవడం అలవాటు చేయండి.

రాయడం మీద మాత్రం పూర్తిగా ఒక పూట పెట్టండి, ఎందుకంటే విన్నదంతా పాడయ్యేది ఇక్కడే. ఒక మహిళ అంది: 'రాత్రిపూట మరుగుదొడ్డికి పోవాలంటే భయంగా ఉంది, లోపల గడియ లేదు, ఆ పక్కనే మగవాళ్లు కూర్చుని ఉంటారు, అందుకని చీకటి పడ్డాక నీళ్లు తాగడం మానేశాం.' వాలంటీర్ రిజిస్టర్లో రాసింది: 'మరుగుదొడ్ల సమస్య.' ఆఫీసులో ఆ రెండు మాటలు చదివి లెక్క పెట్టుకుంటారు. విపత్తు సాయంలో కనీసం ఏవి ఉండాలో చెప్పే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాల ప్రకారం 20 మందికి ఒకటి ఉండాలి, ఉన్నాయి, సమస్య లేదు, ఫైలు మూసేశారు. గడియ పోయింది, చీకటి పోయింది, భయం పోయింది, దాహంతో పడుకుంటున్న ఆడవాళ్లు పోయారు. అవే ప్రమాణాల్లో లోపల గడియ, వెలుతురు ఉండాలని కూడా ఉందని ఎవరికీ గుర్తు రాదు, ఎందుకంటే రాసిన మాటల్లో ఆ ఊసే లేదు. కాబట్టి మీ రిజిస్టర్లో మొదటి గడి మనిషి అన్న మాటలు అన్నట్టుగానే రాయడానికి ఉండాలి. ఏ కోవకి చెందుతుందన్నది తర్వాత వేరేవాళ్లు నింపుకోవచ్చు. అభ్యాసం కోసం పైన రాసినలాంటి మాటలు నాలుగైదు చదివి వినిపించి రాయించండి, ఒకరు రాసింది ఇంకొకరికి ఇచ్చి, అందులోంచి ఏం చేయాలో చెప్పమనండి. అప్పుడు ఏం జారిపోయిందో వాళ్లకే తెలుస్తుంది.

ఇలా రాయడం వల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి కాంగోలో 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా నడిచిన ఎబోలా చూడండి. 2,200 మందికి పైగా చనిపోయారు. రెడ్‌క్రాస్ వాలంటీర్లు ఇంటింటికీ తిరుగుతూ జనం మాటలు రాసుకున్నారు, వాటిని ప్రశ్నలు, నమ్మకాలు, సూచనలు అని విడదీసి ఎప్పటికప్పుడు స్పందన బృందాలకు అందించారు. అందులో పదే పదే వచ్చిన మాట, శవం ఉన్న సంచిలో నిజంగా మా మనిషే ఉన్నాడా, అవయవాలు తీసేసుకుంటున్నారా అన్నది. దాన్ని మూఢనమ్మకం అని తోసేయకుండా, లోపలున్నవాళ్లు కనిపించేలా పారదర్శకమైన సంచులు తెచ్చారు. కుటుంబానికి కావాల్సింది తమ మనిషిని చివరిసారి చూసుకోవడం. దాన్ని ఎవరో ఒకరు అన్నది అన్నట్టు రాశారు కాబట్టి ఆ మార్పు సాధ్యమైంది. 'ఖననానికి జనం సహకరించడం లేదు' అని రాసి ఉంటే పోలీసులను పిలిచేవారేమో.

పుకార్ల గురించి కూడా శిక్షణలో తప్పక మాట్లాడండి. మన దగ్గర అలవాటు ఏమిటంటే, జనం అనే మాట మనకు నచ్చకపోతే దాని మీద పుకారు అని ముద్ర వేసేస్తాం. హైతీలో 2010 జనవరి భూకంపం తర్వాత అదే ఏడాది అక్టోబరులో కలరా వచ్చింది. మెయ్ నది ఒడ్డున ఉండేవాళ్లు, ఎగువన ఉన్న ఐరాస శాంతిదళాల స్థావరం నుంచి మురుగు నదిలోకి వస్తోందని మొదట్నుంచీ అన్నారు. ఐరాస ఏళ్ల తరబడి ఆ మాట ఒప్పుకోలేదు. తర్వాత శాస్త్రీయ పరిశోధనలు కూడా ఆ స్థావరం వైపే చూపించాయి, చివరికి 2016 డిసెంబరులో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. అప్పటికి 9 వేల మందికి పైగా చనిపోయారు. నది ఒడ్డున ఉన్నవాళ్లకు నీటి వాసన, రంగు ఎప్పుడు మారాయో ఏ నిపుణుడి కంటే ముందు తెలుస్తుంది. కాబట్టి వాలంటీర్‌కి నేర్పాల్సింది ఇది: విన్నది నిజమా కాదా అన్నది నువ్వు అక్కడికక్కడ తేల్చకు, ఎక్కడ విన్నావో, ఎంతమంది అంటున్నారో, ఏ భయం నుంచి అంటున్నారో రాసి అదే రోజు పైకి పంపు. అబద్ధమని తేలినా వెళ్లి చెప్పాలి, నిజమని తేలితే మరీ త్వరగా వెళ్లి చెప్పాలి.

ఇంకో సంగతి, అసలు నోరు మెదపనివాళ్లు. శిబిరంలో మైకు పట్టుకుని 'ఎవరికైనా ఏమైనా ఇబ్బంది ఉందా' అంటే మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే. ఆడవాళ్లు వెనక ఉంటారు, నడవలేనివాళ్లు గుడారంలోనే ఉంటారు, పిల్లలను ఎవరూ అడగరు. పైగా, సాయం చేసేవాళ్లను తప్పుబడితే వచ్చే సరుకు ఆగిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది, ఆ భయం చదువుకున్నవాళ్లలోనూ ఉంటుంది. 'అంతా బాగుంది బాబూ' అన్న మాటను సంతృప్తి కింద రాసుకోవద్దని గట్టిగా చెప్పండి. 'ఏం ఇబ్బంది?' అని అడిగేకంటే 'నిన్న ఇచ్చిన వాటిలో దేన్ని వాడలేకపోయారు?' అని అడిగితే మాటలు వస్తాయి. ఫిర్యాదుల పెట్టె ఒకటి వేలాడదీసి పని అయిందనుకునేవాళ్లు చాలామంది, చదవడం రాయడం రానివాళ్లకు ఆ పెట్టె ఉన్నా లేనట్టే. 2017లో మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు వచ్చినప్పుడు, స్థానిక చిట్టగాంగ్ భాష, రోహింగ్యాల భాష దగ్గరగా ఉంటాయి కదా అని చిట్టగాంగ్ భాష వచ్చినవాళ్లనే వాళ్లతో మాట్లాడటానికి పెట్టారు. తీరా పరీక్షించి చూస్తే మూడోవంతుకు పైగా జనానికి అందులో ఒక మామూలు వాక్యం కూడా అర్థం కావడం లేదని తేలింది. తల ఊపారు కాబట్టి అర్థమైందని అనుకున్నారు. మీ బృందంలో మహిళలు ఎంతమంది, ఏ భాషలు వచ్చినవాళ్లు ఎంతమంది అన్నది శిక్షణకు ముందే చూసుకోండి, ఎందుకంటే దాన్ని శిక్షణతో పూడ్చలేరు. ఎలా చెప్పుకుంటే వాళ్లకు సులువో, ఫోన్లోనా, మనిషితోనా, మహిళతోనే అయితేనా, అది వాళ్లనే అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే సున్నితమైన విషయం. సహాయ సిబ్బందే సరుకులకు బదులుగా ఆడవాళ్లను, పిల్లలను లైంగికంగా వేధించే సంఘటనలు జరుగుతాయి. జరగవని అనుకోవడం ప్రమాదం. 2002లో లైబీరియా, గినియా, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల నుంచి ఇలాంటివి బయటపడ్డాకే ఐరాస 2003లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది: డబ్బు, ఉద్యోగం, సరుకు ఇచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడం నిషిద్ధం, 18 ఏళ్ల లోపువాళ్లతో, స్థానిక చట్టంలో సమ్మతి వయసు ఎంతైనా సరే, నిషిద్ధం, తోటి ఉద్యోగి మీద అనుమానం వచ్చినా పైకి చెప్పడం విధి. ఇలాంటి ఫిర్యాదు వాలంటీర్ చెవిన పడితే ఏం చేయాలో కాగితం మీద ఇవ్వడం చాలదు, చేయించి చూపాలి. నిజమేనా అని అడగకూడదు, వివరాలు గుచ్చి గుచ్చి అడగకూడదు, సొంతంగా విచారణ మొదలుపెట్టకూడదు, అందరూ చూసే రిజిస్టర్లో రాయకూడదు, బృందంలో ఇంకెవరికీ చెప్పకూడదు. 'నాకు చెప్పినందుకు మంచి పని చేశారు. ఇది చూసుకునే మనిషి ఒకరున్నారు, మీరు సరేనంటే వాళ్లతో మాట్లాడిస్తాను. ఇప్పుడు మీకు ఇక్కడ ఉండటానికి భయంగా ఉందా?' ఇంతే. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకూడదు, ఆ ఒక్క మనిషికి చెప్పక తప్పదని మొదటే చెప్పాలి. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు శిక్షణ రోజే ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, అదే రోజు సమాచారం అందాలి. నంబరు లేకుండా ఈ భాగం నేర్పకండి.

దుఃఖంలో ఉన్నవాళ్లను వినడం వేరే పని, దానికి డబ్ల్యూహెచ్‌ఓ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని చాలు: చుట్టూ చూడు, విను, అవసరమైన సేవతో కలుపు. ఏం జరిగిందో చెప్పమని బలవంతం చేయకూడదన్నది అందులో ముఖ్యం. ఇంతకు మించి రెండు రోజుల్లో నేర్పబోకండి.

శిక్షణ అయ్యాక అది నిలబడేది రోజూ సాయంత్రం పావుగంట సమావేశంలో. ఇన్‌ఛార్జి రోజూ 'ఎన్ని కిట్లు పంచారు' అని మాత్రమే అడిగితే బృందం కిట్లే పంచుతుంది. 'ఈ రోజు ఏం విన్నారు, నిన్నటి దానికి ఎవరికి జవాబు చెప్పారు' అని కూడా అడిగితే మర్నాడు వాళ్లు చెవులు తెరుచుకుని వెళ్తారు. అదే పావుగంటలో సిబ్బంది గోడు కూడా వినాలి, తమ మాట ఎవరూ వినని చోట పనిచేసేవాళ్లు ఇంకొకరి మాట ఎంతకాలం వింటారు చెప్పండి.

మొదటి నెలలో ఫిర్యాదులు పెరుగుతాయని పైవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే శిక్షణ వికటించిందనుకుని టెన్షన్ పడతారు. పెరగకపోతేనే అనుమానించాలి. నెల తర్వాత మీరే శిబిరానికి వెళ్లండి, సిబ్బందిని కాకుండా అక్కడుండే జనాన్ని అడగండి: ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో తెలుసా, ఈ నెలలో ఏమైనా చెప్పారా, దానికి జవాబు వచ్చిందా. మూడో ప్రశ్నకు వచ్చే సమాధానాలను విడిగా రాసుకుని, వాటినే పట్టుకుని పైవాళ్ల దగ్గర మళ్లీ కూర్చోండి.